బీకాం పిల్లలకు ఒక ఉమ్మడి ఖాతా: తెలంగాణ విశ్వవిద్యాలయ ఉపకులపతి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఉపకులపతి గారికి,



మీ డిచ్‌పల్లి క్యాంపస్‌కు, మా ఇందల్వాయి మండలానికి మధ్య ఉన్నది ఒక్క హైవే. అయినా ఈ సంగతి మీ ఆఫీసుకొచ్చి మీ ఒక్కరి చెవిన వేయకుండా పదిమందిలో పెడుతున్నాను. నిజామాబాద్, కామారెడ్డి జిల్లాల్లో బీకాం చదివే ప్రతి పిల్లకూ పిల్లగాడికీ, రేపు వాళ్లను పనిలో పెట్టుకునే ప్రతి దుకాణానికీ మిల్లుకూ ఇది పనికొచ్చే మాట. అందుకే అందరూ వినాలని నా కోరిక. నేను రైస్ మిల్లులకు, ఎరువుల దుకాణాలకు, ఇనుము సిమెంటు వ్యాపారులకు పద్దులు రాసి, జీఎస్టీ రిటర్నులు వేసి బతికేవాణ్ని. బీకాం కంప్యూటర్ అప్లికేషన్స్ పూర్తిచేసి పని కోసం వచ్చే పిల్లలను దగ్గర నుంచి చూస్తుంటాను.

అడగదలచింది ముందే చెప్తాను. మీ విశ్వవిద్యాలయం కింద ఉన్న డిగ్రీ కాలేజీల కామర్స్ విద్యార్థులందరికీ కలిపి ఒక అకౌంటింగ్ సర్వర్ పెట్టించండి. ఇప్పుడు ఒక్కొక్కరు ఒక్కో కంప్యూటర్ ముందు కూర్చుని, పుస్తకంలోని లెక్కను ఎవరికి వారు ఎక్కిస్తున్నారు. అట్లా కాకుండా, ఒకరు రాసిన ఎంట్రీ ఇంకొకరి పుస్తకంలో తేలేలా, ఒకరి తప్పు ఇంకొకరు పట్టుకునేలా ప్రాక్టికల్స్ జరగాలి. కొత్త భవనాలు, కొత్త ల్యాబులు, కొత్త కోర్సు పేర్లు అడగడం లేదు. ఉన్న కంప్యూటర్లనే ఒక్కచోట ముడివేయమంటున్నాను.

ఉమ్మడి కంప్యూటర్ వ్యవస్థ అంటే ఏమిటో మన జిల్లా వరి రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కొనుగోలు కేంద్రంలో వడ్ల తేమ చూస్తారు. 17 శాతం లోపు ఉంటే 40 కిలోల బస్తాలు నింపి కాంటా వేస్తారు. లారీకెక్కించి ట్రక్ షీట్ రాస్తారు. లారీ మిల్లుకు చేరాక, ఇన్ని బస్తాలు దించుకున్నామని మిల్లువాళ్లు ఒప్పుకోవాలి. ఆ వివరం ట్యాబ్‌లో ఎక్కాలి. ఆ తర్వాతే పౌరసరఫరాల సంస్థ నుంచి రైతు బ్యాంకు ఖాతాలో డబ్బు పడుతుంది. కేంద్రం నడిపే మహిళా సంఘం సభ్యురాలు, మిల్లు గుమస్తా, పౌరసరఫరాల ఉద్యోగి, బ్యాంకు, ఇంతమంది ఒకే లెక్కను తలా ఒక చోటి నుంచి రాస్తున్నారు. కేంద్రంలో 400 బస్తాలని, మిల్లులో 392 అని పడిందనుకోండి. ఆ ఎనిమిది బస్తాల సంగతి తేలేదాకా లొల్లే. తరుగు కింద కోశారా, దారిలో చినిగిపోయాయా, కాంటాలోనే తేడా ఉందా, ఎంట్రీ చేసినవాళ్లు అంకె తప్పు కొట్టారా? ఆ తేడా ఎక్కడ పుట్టిందో వెతికి పట్టుకునే మనిషినే మేం అకౌంటెంటు అంటాం.

పసుపు సంగతీ అంతే. ఆన్‌లైన్ జాతీయ వ్యవసాయ మార్కెట్ అయిన ఈ-నామ్‌ను 2016 ఏప్రిల్ 14న దేశంలో 21 మార్కెట్లతో మొదలుపెట్టినప్పుడు నిజామాబాద్ యార్డు ఆ మొదటి జాబితాలోనే ఉంది. గేటు దగ్గర ఎంట్రీ, లాటు నంబరు, కొనుగోలుదారు తెర మీద వేసే ధర, తూకం, చివరికి రైతు చేతికిచ్చే తక్‌పట్టీ, అన్నీ ఒకదానికొకటి గొలుసుగా ఉంటాయి. గేటు దగ్గర పసుపు రకం కొమ్ము అని రాయాల్సినచోట మండ అని రాస్తే ఆ తప్పు ధరలోకీ, తక్‌పట్టీలోకీ, అడ్తిదారు కమీషన్‌లోకీ పాకుతుంది. ఊళ్లలోని సహకార సంఘాలదీ ఇదే దారి. దేశంలోని 63 వేల ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘాలను ఒకే ఉమ్మడి సాఫ్ట్‌వేర్ కిందికి తెచ్చే పథకానికి కేంద్రం 2022 జూన్‌లో 2,516 కోట్ల రూపాయలతో ఆమోదం తెలిపింది.

ఇక జీఎస్టీ అమల్లోకి వచ్చిన 2017 జూలై 1 తర్వాత వ్యాపారి లెక్క వ్యాపారి ఒక్కడిది కాకుండా పోయింది. నెలనెలా రిటర్నులు వేసే పద్ధతిలో అమ్మినవాడు తన బిల్లులను జీఎస్టీఆర్-1లో వచ్చే నెల 11వ తారీఖులోగా చూపాలి. 14న కొన్నవాడికి 2బీ అనే పట్టిక తయారవుతుంది. 20లోగా కొన్నవాడు 3బీ రిటర్ను వేసి పన్ను కట్టాలి. అమ్మినవాడు చూపని బిల్లు మీద కొన్నవాడు పన్ను క్రెడిట్ తీసుకోవడానికి 2022 జనవరి నుంచి చట్టం ఒప్పుకోదు. అంటే ఆర్మూర్ గుమస్తా నిర్లక్ష్యం చేస్తే ఇందల్వాయి దుకాణదారు జేబుకు చిల్లు పడుతుంది.

రైతు, మార్కెట్ యార్డు, సొసైటీ, దుకాణం, అందరూ ఉమ్మడి పుస్తకంలోకి వచ్చేశారు. ఇంకా రానిది కామర్స్ ల్యాబ్ ఒక్కటే.

మామూలుగా మన దగ్గర ల్యాబ్ ఎట్లా నడుస్తుందో మీకు తెలియనిది కాదు. రికార్డు పుస్తకంలో ఒక లెక్క ఉంటుంది. ఫలానా వ్యాపారి ఇంత పెట్టుబడితో వ్యాపారం మొదలుపెట్టాడు, ఇంత సరుకు కొన్నాడు, ఇంత అమ్మాడు, అద్దె ఇంత కట్టాడు. బ్యాచ్‌లో అందరిదీ అదే వ్యాపారి, అవే అంకెలు. ఎవరి కంప్యూటర్‌లో వాళ్లు కంపెనీ సృష్టించి, లెడ్జర్లు తెరిచి, వోచర్లు కొట్టి, బ్యాలెన్స్ షీట్ ప్రింటు తీసి రికార్డులో అంటిస్తారు. తర్వాతి బ్యాచ్ వచ్చేసరికి ఆ కంపెనీ ఉండదు. లైసెన్సు లేకుండా టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌ను ఎడ్యుకేషన్ మోడ్‌లో నడిపితే నెలలో 1, 2, 31 తేదీల వోచర్లే తీసుకుంటుంది. ఉచితంగా ఇస్తున్నారు కాబట్టి కంపెనీవాళ్లు ఒక హద్దు పెట్టుకున్నారు, అందులో తప్పేమీ లేదు. కాకపోతే ఆ హద్దులోనే చదువు ముగించుకున్న పిల్లకు నెలంటే మూడు రోజులే. మూడో తారీఖున సరుకు వచ్చి, పదిహేడున సగం డబ్బు ముట్టి, ఇరవై తొమ్మిదిన చెక్కు తిరిగొచ్చే బజారు ఆ తెర మీద ఎప్పుడూ కనిపించదు.

ఆ ల్యాబ్‌లో పిల్లలు నేర్చుకునేది అసలే దండగ అనడం లేదు. ఎఫ్-5 కొడితే పేమెంటు, ఎఫ్-6 కొడితే రిసీట్, ఎఫ్-8 కొడితే అమ్మకం అని తడుముకోకుండా చెప్తారు. డెబిట్, క్రెడిట్ సూత్రాలు నోటికొచ్చు. కానీ వాళ్లు రాసిన లెక్కను అవతలి నుంచి ఒక్కరూ ప్రశ్నించలేదు. అవతలి జట్టు లేని కబడ్డీలో ఎవరూ ఔట్ కారు, ఎవరూ ఆట నేర్చుకోరు.

బ్యాంకు రీకన్సిలియేషన్ స్టేట్‌మెంట్ తీసుకోండి. పరీక్ష పేపర్‌లో క్యాష్ బుక్ నిల్వ ఇచ్చి, తేడాలకు కారణాలు కూడా అచ్చువేసి ఇస్తారు. ఇన్ని చెక్కులు ఇచ్చాం గానీ బ్యాంకుకు చేరలేదు, ఇంత వడ్డీ బ్యాంకు జమ చేసింది, ఇంత చార్జీ కోసింది అని. పిల్ల చేయాల్సింది కలపడం, తీసివేయడమే. బయట మాకు కారణాలు ఎవరూ రాసివ్వరు. రెండు అంకెలు కలవవు, అంతే తెలుస్తుంది. ఎందుకు కలవలేదో తవ్వడంలోనే మా రోజులు గడుస్తాయి. అదే ఉమ్మడి వ్యవస్థలో బ్యాంకు పాత్ర కామారెడ్డి కాలేజీ పిల్లకిచ్చి, వ్యాపారి పాత్ర బాన్సువాడ పిల్లగాడికిస్తే, తేడా దానంతటదే పుడుతుంది. కారణాలు వాళ్లే వెతుక్కుంటారు.

ఒక్క బిల్లు వెంట నడిచి చూపిస్తాను. ఇందల్వాయిలో ఇనుము దుకాణం, నిజామాబాద్‌లో హోల్‌సేల్ వ్యాపారి. లక్ష రూపాయల సలాకలకు 18 శాతం జీఎస్టీ, అంటే కేంద్రానికి 9 వేలు, రాష్ట్రానికి 9 వేలు. బిల్లు మొత్తం 1,18,000. సరుకు వచ్చింది, డబ్బు ముట్టింది. హోల్‌సేల్ దుకాణంలో ఎంట్రీ చేసే మనిషి హడావుడిలో అదే పేరుతో ఉన్న వేరే ఊరి ఖాతాను ఎంచుకున్నాడు. అతని పుస్తకంలో అమ్మకం సరిగ్గానే ఉంది, పన్ను సరిగ్గానే ఉంది, ట్రయల్ బ్యాలెన్స్ కలిసింది. ఇందల్వాయి దుకాణం పుస్తకంలో కొనుగోలు సరిగ్గానే ఉంది, అక్కడా ట్రయల్ బ్యాలెన్స్ కలిసింది. 14వ తారీఖున 2బీ తెరిస్తే మాత్రం ఆ బిల్లు లేదు. 18 వేల క్రెడిట్ లేదు. 20లోగా ఆ సొమ్ము చేతి నుంచి కట్టాలి. గ్రహీత జీఎస్టీ నంబరు తప్పు పడితే దాన్ని తర్వాతి నెల జీఎస్టీఆర్-1లోనే దిద్దాలి. అప్పటిదాకా దుకాణదారు డబ్బు ఇరుక్కున్నట్టే. అటు, ఆ వేరే ఊరి దుకాణం 2బీలో తాను కొనని సలాకలు కనిపిస్తున్నాయి. చూసుకోకుండా క్రెడిట్ వాడుకుంటే రేపు నోటీసు వాళ్లకు వస్తుంది.

రెండు పుస్తకాలూ విడివిడిగా కలిశాయి, రెంటినీ ఎదురెదురుగా పెడితే కలవలేదు. ఒంటరి కంప్యూటర్ మీద ఈ పాఠం వెయ్యిసార్లు చెప్పినా తలకెక్కదు. ఆర్మూర్ కాలేజీ పిల్లగాడు హోల్‌సేల్ వ్యాపారిగా, బోధన్ కాలేజీ పిల్ల దుకాణదారుగా ఒకే సర్వర్‌లో లెక్కలు రాస్తే, మొదటి నెలాఖరుకే ఒకరికొకరు ఫోన్లు చేసుకుంటారు. “అన్నా, నీ బిల్లు నాకు కనిపిస్తలేదు.” “చెల్లె, నేను ఎక్కించిన, నువ్వే సరిగ్గ చూడలే.” బిల్లు నంబరు, తేదీ, మొత్తం ముందు పెట్టుకుని, కోపం లేకుండా, వాదనలో తేలకపోతే కాగితం పంపి పని జరిపించుకోవడం నేర్చుకుంటారు. మా దగ్గర పనికి చేరిన పిల్లలు మొదట తడబడేది ఇక్కడే.

ఇది నేను కొత్తగా కనిపెట్టిందీ కాదు. ఒక కంప్యూటర్‌ను వందల మంది పంచుకోవడమనేది కాలేజీ చదువులోనే ఊపందుకుంది. అమెరికాలో డార్ట్‌మత్ కాలేజీలో 1964లో జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్ అనే ఇద్దరు గణిత అధ్యాపకులు టైమ్ షేరింగ్ పద్ధతి నెలకొల్పారు. ఒకటే యంత్రం, ఎన్నో టెర్మినళ్లు. లెక్కలు, సైన్సు చదివేవాళ్లే కాదు, మిగతా విద్యార్థులూ వాడాలన్నది వాళ్ల పట్టుదల. వాళ్లకోసమే బేసిక్ అనే తేలిక భాషను తయారు చేశారు. ఆ తర్వాత కంప్యూటర్లు చవకై బల్లకొకటి వచ్చాయి. యంత్రాలు పెరిగినకొద్దీ ల్యాబ్‌లో పిల్లలు మాత్రం విడిపోయారు.

వాణిజ్య విద్యలో ఈ పని పద్ధతిగా చేస్తున్న దేశాలు ఉన్నాయి. జర్మనీ, ఆస్ట్రియాల్లో ప్రాక్టీస్ కంపెనీలు నడుపుతారు. ఒక్కో తరగతి ఒక్కో ఉత్తుత్తి కంపెనీ. సరుకు ఉండదు, డబ్బు ఉండదు. ఆర్డరు, బిల్లు, చెల్లింపు, పన్ను, జీతాలు, ఉత్తర ప్రత్యుత్తరాలు మాత్రం అసలులాగే ఉంటాయి. ఒక బడి కంపెనీ ఇంకో బడి కంపెనీకి అమ్ముతుంది. మధ్యలో బ్యాంకుగా, పన్ను ఆఫీసుగా ఒక కేంద్ర కార్యాలయం పనిచేస్తుంది. ఆస్ట్రియాలో ఇది వాణిజ్య పాఠశాలల పాఠ్యప్రణాళికలోనే ఉంది. శాప్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ విశ్వవిద్యాలయాల కోసం నడిపే కార్యక్రమంలో విద్యార్థులు ‘గ్లోబల్ బైక్’ అనే ఊహా సైకిళ్ల కంపెనీ లెక్కలను దూరాన ఉన్న ఉమ్మడి సర్వర్ల మీద రాస్తారు. మాంట్రియల్‌లోని హెచ్ఈసీ బిజినెస్ స్కూల్‌వాళ్లు ఈఆర్పీసిమ్ అనే ఆట తయారు చేశారు. అందులో విద్యార్థి జట్లు అసలు శాప్ వ్యవస్థలోనే పోటీపడి వ్యాపారం నడుపుతాయి.

మన దేశంలోనూ ఇంజినీరింగ్, సైన్స్ పిల్లల కోసం ఐఐటీ ఢిల్లీ సారథ్యంలో వర్చువల్ ల్యాబ్స్ వచ్చాయి. మన ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ అందులో భాగస్వామి. పరికరాలు లేని కాలేజీ పిల్లలు కూడా ఇంటర్నెట్ మీద ప్రయోగాలు చేయాలన్నది దాని ఉద్దేశం. కామర్స్‌కూ ప్రయోగశాల కావాలి. కామర్స్‌లో ప్రయోగమంటే ఇద్దరు మనుషుల లెక్కలు ఎదురుపడటమే.

సైకిళ్ల కంపెనీ మన పిల్లలకు ఎందుకు? మనకు బోధన్ ఉంది. 1937లో నిజాం ప్రభుత్వం పెట్టిన చక్కెర కర్మాగారం ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు మోసింది. శక్కర్‌నగర్ అనే ఊరే దాని చుట్టూ లేచింది. 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్లింది. 2015 డిసెంబరులో లేఆఫ్‌తో ఆగింది. దాన్ని మళ్లీ తెరిపించడం మీ చేతిలో లేదు, నా చేతిలో లేదు. కానీ పాఠంగా తెరవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. సర్వర్‌లో ఒక ఊహా చక్కెర ఫ్యాక్టరీ పెట్టండి, కాస్ట్ అకౌంటింగ్ మొత్తం అందులో దొరుకుతుంది.

టన్ను చెరకు గానుగాడితే సుమారు వంద కిలోల చక్కెర, నలభై అయిదు కిలోల దాకా మొలాసిస్, మూడు వందల కిలోల దాకా పిప్పి వస్తాయి. చెరకు ఖర్చును ఈ మూడింటి మీద ఎట్లా పంచాలి? పిప్పిని బాయిలర్లో సొంతానికి కాల్చుకుంటే దాని విలువ ఎక్కడ రాయాలి? మొలాసిస్‌ను డిస్టిలరీకి అమ్మితే వచ్చిన సొమ్మును చక్కెర ఖర్చులోంచి తగ్గించాలా, వేరే ఆదాయంగా చూపాలా? ఉప ఉత్పత్తుల పాఠం ఇదే. చెరకుకు ప్రభుత్వం నిర్ణయించే కనీస ధర, అంటే ఎఫ్ఆర్పీ, 2025-26 సీజనుకు క్వింటాలుకు 355 రూపాయలు, 10.25 శాతం చక్కెర రికవరీ మీద. 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం చెరకు ఇచ్చిన 14 రోజుల్లో రైతుకు డబ్బు ముట్టాలి, ఆలస్యమైతే ఏడాదికి 15 శాతం వడ్డీ కలపాలి. ఒక కాలేజీ పిల్లలు కాంటా చీటీలు రాస్తారు. ఇంకో కాలేజీ కొనుగోలు ఖాతా రాస్తుంది. మూడో కాలేజీ చెల్లింపులు చూస్తుంది. నాలుగో కాలేజీ ఆడిటరై, పద్నాలుగు రోజులు దాటిన రైతులెవరు, వాళ్లకు వడ్డీ లెక్క కట్టారా లేదా అని అడుగుతుంది. ఈ పిల్లల్లో చాలామంది ఇళ్లలో చెరకు బకాయి మాట విని పెరిగినవాళ్లే. ఇంట్లో విన్న మాటకు లెక్క రూపం ఇదని తెలిసినప్పుడు ఆ పాఠం జన్మలో మరిచిపోరు.

ఉమ్మడి వ్యవస్థ నేర్పే రెండో సంగతి జవాబుదారీతనం. ల్యాబ్‌లో అందరూ ఒకే అడ్మిన్‌గా లాగిన్ అయితే ఎవరు ఏం మార్చారో ఎవరికీ తెలియదు. తెలియాల్సిన అవసరమూ రాదు. బయట అట్లా కుదరదు. 2023 ఏప్రిల్ 1 నుంచి, సాఫ్ట్‌వేర్ వాడే కంపెనీలన్నీ ప్రతి మార్పునూ తేదీతో నమోదు చేసే సాఫ్ట్‌వేర్‌లోనే లెక్కలు రాయాలి, ఆ నమోదును ఆపేసే వీలు ఉండకూడదు. లెక్కల పుస్తకాలను ఎనిమిదేళ్లు దాచాలన్నది కంపెనీల చట్టం. ఎవరి పేరు మీద ఎంట్రీ ఉందో వాళ్లే జవాబు చెప్పాలి. పాస్‌వర్డ్ ఇంకొకరికి చెప్పడమంటే సంతకం పెట్టిన ఖాళీ కాగితం చేతికివ్వడమే. ఈ భయం, ఈ క్రమశిక్షణ ఉద్యోగంలో చేరాక నోటీసుతో నేర్చుకోవడం కంటే డిగ్రీ రెండో ఏట, ఎవరికీ నష్టం లేకుండా నేర్చుకోవడం మేలు.

ఇక చేయాల్సింది చెప్తాను. సాఫ్ట్‌వేర్ కొనాల్సిన పని లేదు. ముంబైలో పుట్టిన ఈఆర్పీనెక్స్ట్ లాంటివి ఓపెన్ సోర్స్, లైసెన్సు ఫీజు లేదు, బ్రౌజర్‌లో నడుస్తాయి. పాత కంప్యూటర్లున్న ల్యాబ్‌కు కూడా సరిపోతాయి. క్యాంపస్‌లో ఒక సర్వర్ పెట్టవచ్చు, లేకుంటే అద్దెకు తీసుకోవచ్చు. దాన్ని కాపాడే బాధ్యత మీ కంప్యూటర్ సైన్స్ విద్యార్థులకు ప్రాజెక్టుగా అప్పగించండి. పైన బాధ్యుడిగా ఒక ఉద్యోగి ఉండాలి. బ్యాకప్ తీయడమే కాదు, సెమిస్టరుకొకసారి ఆ బ్యాకప్ నుంచి లెక్కలు మళ్లీ తెచ్చి చూపించాలి. తిరిగి తెరుచుకోని బ్యాకప్ ఉన్నా లేనట్టే.

ఊహా వ్యాపారాలు పది పదిహేను చాలు. చక్కెర ఫ్యాక్టరీ, రైస్ మిల్లు, పసుపు అడ్తి, ఎరువుల దుకాణం, లారీ ట్రాన్స్‌పోర్టు, బీడీల కంపెనీ, సహకార సంఘం, బ్యాంకు, పన్ను ఆఫీసు, ఆడిట్ ఆఫీసు. సెమిస్టరులో ఒక్కో వారాన్ని ఒక నెలగా లెక్కగట్టి, వారాంతానికి పుస్తకం మూయించండి. పిల్లలు పాత్రలు మారాలి. మొదటి సగం వ్యాపారిగా ఉన్నవాళ్లు రెండో సగం ఆడిటర్లవ్వాలి. నిజమైన వ్యాపారుల జీఎస్టీ నంబర్లు గానీ, ఆధార్లు గానీ, ఖాతాదారుల పేర్లు గానీ ఆ సర్వర్‌లోకి రానే కూడదు. అన్నీ ఊహావే ఉండాలి.

మార్కుల పద్ధతి మారకపోతే ఇదంతా ఇంకో రికార్డు పుస్తకం అయిపోతుంది. బ్యాలెన్స్ షీట్ కలిసిందా అన్నదానికి కొన్ని మార్కులే ఉంచండి. అవతలివాళ్లతో కలవని లెక్కకు కారణం కనిపెట్టి రాసినందుకు, తన తప్పును దాచకుండా సవరణ ఎంట్రీతో దిద్దినందుకు, పక్క కాలేజీవాళ్ల తప్పును ఆధారంతో చూపినందుకు ఎక్కువ మార్కులివ్వండి.

అభ్యంతరాలు ఉంటాయని తెలుసు. ఒక్కొక్కటే చూద్దాం.

కలిసి చేస్తే కాపీ కొడతారంటారు. ఒకే లెక్క అందరికీ ఇస్తున్న ఇప్పటి పద్ధతిలోనే కాపీకి దారి ఉంది. బ్యాంకు పాత్రలో ఉన్న పిల్ల లెక్క, మిల్లు పాత్రలో ఉన్న పిల్లగాడికి ఎందుకు పనికొస్తుంది? జట్టులో ఒక్కరే కష్టపడి మిగతావాళ్లు పేరు రాయించుకునే బెడద మాత్రం నిజమే. దానికి మందు ఆ వ్యవస్థలోనే ఉంది. ఏ రోజు ఎవరు ఏం రాశారో లాగ్‌లో కనిపిస్తుంది.

ఉద్యోగాలకు టాలీ అడుగుతున్నారు గదా అంటారు. అవును, మేమూ అదే వాడతాం. టాలీని తీసేయమనడం లేదు. గోల్డ్ లైసెన్సుతో టాలీని ల్యాబ్ నెట్‌వర్క్ మీద ఒకేసారి చాలామంది వాడవచ్చు. సర్వర్ వచ్చేదాకా ఏ కాలేజీ అయినా తన ల్యాబ్‌లోనే వరుసకొక వ్యాపారం ఇచ్చి ఈ పని మొదలుపెట్టవచ్చు. లెక్క తత్వం పట్టుబడ్డ పిల్లకు సాఫ్ట్‌వేర్ మారితే వారం పని.

కరెంటు పోతుంది, నెట్ ఉండదంటారు. పోతుంది. మా ఆఫీసుల్లోనూ పోతుంది, 20వ తారీఖు సాయంత్రమే మరీ పోతుంది. అందుకే మొదట చేతి వోచర్ రాసి, దాన్ని చూసి ఎక్కించే అలవాటు చేయించాలి. నెట్ వచ్చాక కాగితానికీ తెరకూ తేడా చూసుకోవడం కూడా పాఠమే. ఒక్క సర్వర్ ఆగితే అందరి పనీ ఆగుతుందన్న మాట నిజం. ఆ రోజు ఏం చేయాలో ముందే రాసిపెట్టుకోవడం కూడా ఈ ల్యాబ్ నేర్పుతుంది.

అసలైన చిక్కు అధ్యాపకులది. ఒప్పంద ఉద్యోగంలో, చేతినిండా క్లాసులతో ఉన్న లెక్చరర్ మీద ఇంకో భారం మోపితే పని జరగదు. వేసవిలో శిక్షణ ఇవ్వండి. ఈ ల్యాబ్ గంటలను వాళ్ల పని గంటల్లో లెక్కించండి. ఆడిటర్లు, పన్ను సలహాదారులు, మిల్లుల అకౌంటెంట్లు జిల్లాలో ఎంతోమంది ఉన్నారు. నెలకో శనివారం వచ్చి పన్ను ఆఫీసరు పాత్ర వేయమంటే కాదనేవాళ్లు తక్కువ. నా వంతు నేను వస్తాను.

విశ్వవిద్యాలయానికి ఇంత పెద్ద ఉమ్మడి వ్యవస్థ నడపడం కష్టమేమో అన్న సందేహం మాత్రం నాకు లేదు. 2016 నుంచి రాష్ట్రంలో డిగ్రీ సీట్లు చాలావరకు దోస్త్ అనే ఒక్క ఆన్‌లైన్ కిటికీ నుంచే నిండుతున్నాయి. ఏ ఊరి పిల్ల అయినా అందులోని ఏ కాలేజీకైనా అక్కడి నుంచే దరఖాస్తు పెడుతుంది. పిల్లలను చేర్చుకోవడానికి ఉమ్మడి వ్యవస్థ కుదిరినప్పుడు, చేరిన పిల్లలకు చదువు చెప్పడానికి ఎందుకు కుదరదు?

అన్ని కాలేజీల్లో ఒకేసారి మొదలుపెట్టమనడం లేదు. నిజామాబాద్, బోధన్, ఆర్మూర్, కామారెడ్డి, బాన్సువాడల్లోని ప్రభుత్వ డిగ్రీ కాలేజీలను తీసుకుని ఒక్క సెమిస్టరు నడిపి చూడండి. చివర్లో మార్కుల జాబితాతో పాటు, పిల్లలు కనిపెట్టిన తేడాల జాబితా కూడా ప్రకటించండి. ఆ జాబితా చూస్తే ఈ పద్ధతి ఉంచాలా తీసేయాలా అన్నది తేలిపోతుంది.

పద్దులు రాసే పని తక్కువదేమీ కాదు. రైతుకు రావాల్సిన పైసా రైతుకు, కూలీకి రావాల్సిన పైసా కూలీకి, ప్రభుత్వానికి కట్టాల్సిన పైసా ప్రభుత్వానికి చేరిందని చెప్పే మనిషి ఊరికి ఒక్కరైనా కావాలి. ఆ మనుషులను తయారు చేసే అవకాశం మీ చేతిలో ఉంది. వచ్చే విద్యా సంవత్సరం పాఠ్యప్రణాళిక మీద బోర్డ్ ఆఫ్ స్టడీస్ కూర్చున్నప్పుడు ఈ ఉమ్మడి ల్యాబ్ ప్రతిపాదనను ఎజెండాలో చేర్చవలసిందిగా కోరుతున్నాను. కామర్స్ లెక్చరర్లు, విద్యార్థులు, వ్యాపార సంఘాలవాళ్లు ఇది చదివితే, మీ మాటగా కూడా విశ్వవిద్యాలయానికి ఒక ఉత్తరం రాయండి.

ఇట్లు,
జమాఖర్చులు రాసే ఒక గుమస్తా,
ఇందల్వాయి, నిజామాబాద్ జిల్లా